కార్డులో పేరు – కంచంలో మెతుకు



సాయంత్రం గంట కొట్టగానే మనమంతా పళ్లెం, గ్లాసు పట్టుకొని మెస్ ముందు వరుసలో నిలబడతాం. పప్పు నీళ్లలా ఉందని ఒకరు, అన్నం మెత్తబడిందని ఇంకొకరు గొణుక్కుంటాం. గొణుక్కోవడం తప్పని నేననను. అడగకపోతే అమ్మయినా పెట్టదంటారు. కానీ అదే సమయంలో మన ఇళ్లల్లో పొయ్యి మీద ఎసరు పెట్టారా లేదా, ఆ ఎసట్లో పోయడానికి బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయి అన్న సంగతి మనలో ఎంతమంది ఆలోచిస్తున్నాం? నేను కూడా చాలా ఏళ్లు ఆలోచించలేదు. మా అక్క వల్ల ఆలోచించాల్సి వచ్చింది. ఆ సంగతి ఈ వార్షికోత్సవ సంచికలో మీతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న పల్లె. నీళ్లు లేక, పని లేక మా నాన్న, అమ్మ హైదరాబాద్ వచ్చారు. నల్గొండ నుంచి, సూర్యాపేట నుంచి వచ్చే మనలాంటి వాళ్లందరికీ ఈ పట్నం గుమ్మం ఎల్.బి.నగర్ చౌరస్తానే కదా! బస్సు దిగిన చోటికి దగ్గర్లోనే కిరాయికి గది చూసుకున్నారు. నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ పని చేశాడు. ఆ మార్కెట్ బాటసింగారం తరలిపోయాక పొద్దున్నే అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వారి వెంట సిమెంటు పనికి పోతున్నాడు. అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు వచ్చే పిల్లలుండే ఒక ప్రైవేటు హాస్టల్లో అంట్లు తోముతుంది. అంటే ఒక హాస్టల్లో అమ్మ పని చేస్తే, ఇంకో హాస్టల్లో కొడుకు తిని చదువుకుంటున్నాడన్న మాట.

అప్పట్లో మా తెల్లకార్డు ఊళ్లో ఉండేది. కార్డులో నలుగురం. అమ్మ, నాన్న, అక్క, నేను. 2015 జనవరి నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల చొప్పున, ఇంటికి ఇంతేనన్న పరిమితి లేకుండా, కిలో రూపాయికి బియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. అంతకుముందు మనిషికి నాలుగు కిలోలు, ఇంట్లో ఎందరున్నా 20 కిలోలు దాటేది కాదు. మాకు 24 కిలోలు రావాలి. ఆ 24 కిలోల కోసం నాన్న నెలకొకసారి ఊరికి పోయేవాడు. పోను రాను బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోవడం. ఊరికి పోయిన రోజు డీలర్ షాపు తెరవకపోతే రెండో రోజు కూలి కూడా పోవడం. అన్నీ లెక్కేస్తే రూపాయి బియ్యం కాస్తా బజారు బియ్యంతో సమానమయ్యేది. అయినా ఎందుకు పోతావని అడిగితే, "బియ్యం కోసం కాదు కొడకా, తీసుకోకుంటే కార్డు కొట్టేస్తరు" అనేవాడు.

ఆ ఒక్క మాటలోనే ఈ వ్యాసమంతా ఉంది. కార్డు సంపాదించడం ఒక కష్టం. సంపాదించిన దాన్ని నిలబెట్టుకోవడం మరో కష్టం. మొదటి దాని గురించి నాయకులు, పత్రికలు మాట్లాడతాయి. కొత్త కార్డులు పంచిన రోజు ఫొటోలు వస్తాయి. రెండో దాని గురించి మాట్లాడేవారు తక్కువ. ఎందుకంటే పేరు తీసేసిన రోజు ఏ సభా జరగదు.

అక్క కథ

మా అక్క పెండ్లి 2017లో అయింది. బావ వాళ్లది సరూర్‌నగర్ మండలంలో ఒక బస్తీ. బావ పేరు వాళ్లమ్మ కార్డులో ఉంది. అక్క పేరు కూడా అందులో ఎక్కించమని పోతే, "మీ అమ్మగారింటి కార్డులో పేరు తీసేయించుకొని రా, అప్పుడే ఇక్కడ ఎక్కుతుంది" అన్నారు. అది నిబంధన. ఒక మనిషి పేరు రెండు కార్డుల్లో ఉండరాదు. నిబంధనలో తప్పు లేదు. 2018లో నాన్న దరఖాస్తు పెట్టి అక్క పేరు తీసేయించాడు. కొద్ది రోజుల్లోనే పేరు పోయింది. మా కోటా 24 కిలోల నుంచి 18కి దిగింది. ఇక మిగిలింది అత్తగారింటి కార్డులో చేర్చడం.

అది చేరడానికి ఏడేళ్లు పట్టింది.

మీ సేవలో దరఖాస్తు పెట్టారు. రసీదు ఇచ్చారు. "పెండింగ్‌లో ఉంది" అన్నారు. ఆరు నెలలకు పోయినా అదే మాట, ఏడాదికి పోయినా అదే మాట. ఆ సంవత్సరాల్లో రాష్ట్రమంతటా ఇదే పరిస్థితి. కొత్త కార్డులు, పేర్ల చేర్పులు దాదాపు నిలిచిపోయాయి. 2021 జులైలో మూడు లక్షల పైచిలుకు కొత్త కార్డులు ఇచ్చారు గానీ పాత కార్డుల్లో పేర్లు చేర్చాలన్న దరఖాస్తులు అలాగే ఉండిపోయాయి. 2019లో అక్కకు బాబు, 2021లో పాప పుట్టారు. వాళ్లు ఏ కార్డులోనూ లేరు. తల్లి పేరే లేని కార్డులో పిల్లల పేర్లు ఎవరెక్కిస్తారు?

2020 ఏప్రిల్ గుర్తుందా? కరోనా లాక్‌డౌన్. కార్డులో ఉన్న ప్రతి మనిషికీ 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ప్రభుత్వం ఇచ్చింది. మంచి పని. బావ వాళ్లింట్లో తినేవాళ్లు నలుగురు, కార్డులో ఉన్నవాళ్లు ఇద్దరు. 24 కిలోలు వచ్చాయి. చంకలో ఏడాది నిండని బిడ్డతో అక్క రేషన్ షాపు ముందు నిలబడి, "నా పేరు మీద కూడా ఇయ్యుండ్రి సారూ, తీసేసిన కాయిదం ఉన్నది, ఎక్కించమన్న రసీదు ఉన్నది" అని అడిగిందట. డీలర్ పాపం ఏం చేస్తాడు? "మిషన్ల నీ పేరు లేదమ్మా. నా చేతుల ఏం లేదు" అన్నాడు. నిజమే, అతని చేతిలో ఏమీ లేదు. మరి ఎవరి చేతిలో ఉంది?

చివరికి 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా జరిగిన ప్రజాపాలన దరఖాస్తుల్లో ఒకసారి, ఆ తర్వాత మీ సేవలో మరొకసారి కాగితాలు పెట్టుకున్నారు. 2025లో కొత్త కార్డులు, చేర్పులు మొదలయ్యాక ఆగస్టులో అక్క పేరు, పిల్లల పేర్లు కార్డులోకి వచ్చాయి. ఆ రోజు అక్క ఫోన్ చేసి ఏడ్చింది. నేను కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క వేశాను. నెలకు ఆరు కిలోల చొప్పున 84 నెలలు. ఒక్క అక్క కోటాయే 504 కిలోలు. ఐదు క్వింటాళ్ల బియ్యం! పిల్లలది వేరే లెక్క. ఆ బియ్యాన్ని వాళ్లు బజార్లో కొనుక్కున్నారు. కొనలేని నెలలో అమ్మ తన 18 కిలోల్లోంచి ఒక సంచి పంపేది.

మిత్రులారా, ఇందులో ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ తిట్టలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు. అందరూ నిబంధన ప్రకారమే నడిచారు. అయినా ఒక ఆడబిడ్డ ఏడేళ్లు ఏ కార్డులోనూ లేని మనిషిగా బతికింది. తీసేయడానికి ఒక దారి, చేర్చడానికి మరో దారి పెట్టి, మొదటి దారి తెరిచి, రెండో దారికి తాళం వేస్తే జరిగేది ఇదే. పెండ్లయిన ప్రతి పేదింటి ఆడపిల్లకూ ఈ గండం ఉంది.

ఇది దయ కాదు, చట్టం

మన దగ్గర చాలామంది రేషన్ బియ్యాన్ని ఫలానా నాయకుడి దయ అనుకుంటారు. 1983లో ఎన్.టి.రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినప్పుడు మా తాత వాళ్ల తరం మొదటిసారి రోజూ వరన్నం తిన్నారని ఇంట్లో చెబుతుంటారు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ధర పెంచాయి, మళ్లీ తగ్గించాయి. 2008లో తిరిగి రెండు రూపాయలు, 2011లో రూపాయి. ధర పెంచినా తగ్గించినా అది ప్రభుత్వం ఇష్టంగానే ఉండేది.

ఆ ఇష్టాన్ని హక్కుగా మార్చే పోరాటం 2001లో మొదలైంది. రాజస్థాన్‌లో కరువు. ఒకవైపు భారత ఆహార సంస్థ గోదాముల్లో ధాన్యం మూలుగుతోంది. మరోవైపు జనం పస్తులుంటున్నారు. ఇదేం న్యాయమని పౌరహక్కుల ప్రజాసంఘం (పి.యు.సి.ఎల్.) సుప్రీంకోర్టుకు వెళ్లింది. జీవించే హక్కులో ఆహారం భాగం కాదా అని అడిగింది. మన బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని 2001 నవంబర్ 28న వచ్చిన ఆదేశం ఆ కేసులోదే. ఆ పోరాటాల దారిలోనే 2013లో జాతీయ ఆహార భద్రత చట్టం వచ్చింది. ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు ఐదు కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు హక్కుగా ఇవ్వాలని అది చెప్పింది. తెలంగాణలో ఇంకో కిలో కలిపి ఆరు కిలోలు ఇస్తున్నారు. 2023 జనవరి నుంచి డబ్బు కూడా తీసుకోవడం లేదు. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో ప్రారంభించి సన్న బియ్యం ఇస్తున్నారు.

సన్న బియ్యం అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. మన హాస్టళ్లకు సన్న బియ్యం 2015 జనవరిలోనే వచ్చాయి. ఇంటికి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ నేను సెలవులకు ఇంటికి పోతే అమ్మ దొడ్డన్నం వడ్డిస్తూ, "నీకు హాస్టల్ అన్నం అలవాటైంది, ఇది దిగుతదా బిడ్డా?" అని నా ముఖం చూసేది. మొన్న సెలవులకు పోతే అడగలేదు. వడ్డించి తను కూడా నా పక్కనే కూర్చుంది.

చట్టంలో ఇంకా మంచి మాటలున్నాయి. కార్డుకు యజమానిగా 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దామె ఉండాలి. రావాల్సిన ధాన్యం ఇవ్వకపోతే ఆహార భద్రత భత్యం ఇవ్వాలి. ప్రతి జిల్లాలో ఫిర్యాదుల పరిష్కార అధికారి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉండాలి. రేషన్ షాపు లెక్కలు ప్రజలు చూసేలా ఉంచాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. కానీ మా బస్తీలో పది మందిని అడిగి చూశాను. జిల్లాలో ఫిర్యాదు అధికారి ఒకరుంటారని ఒక్కరికీ తెలియదు. తెలియని హక్కు పెట్టెలో పెట్టి తాళంచెవి పారేసుకున్న డబ్బులాంటిది.

కంప్యూటర్ చెప్పింది గనుక...

ఈ మధ్య కాలంలో కార్డు పోవడానికి అధికారి అక్కర్లేదు, కంప్యూటర్ చాలు. తెలంగాణ వచ్చిన కొత్తలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. ఇంటికొచ్చి చూసి కాదు, కంప్యూటర్లో రకరకాల శాఖల వివరాలు కలిపి చూసి. ఎవరి పేరు మీద కారుందో, ఎవరికి భూమి ఉందో యంత్రమే జల్లెడ పట్టింది. మన హైదరాబాద్‌లోనే ఒక రిక్షా కార్మికుడికి కారున్నట్టు ఆ లెక్కల్లో తేలి, ఆ కుటుంబానికి కార్డు లేకుండా పోయింది. పేరు కలిసింది కాబోలు, మనిషి మాత్రం కలవలేదు! దీనిపై సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ న్యాయపోరాటం చేశారు. రద్దు చేసిన కార్డుల విషయంలో క్షేత్రస్థాయికి వెళ్లి విచారణ జరపాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తెలంగాణ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అంటే దేశంలోనే అతి పెద్ద న్యాయస్థానం చెప్పిన మాట ఏమిటి? ముందు ఇంటికి పోయి చూడండి అని. ఇది మన ఊరి పెద్దమనిషి కూడా చెప్పగల మాటే.

వేలిముద్రల సంగతి మరీ విచిత్రం. నాన్న ఇరవై ఏళ్లు గంపలు మోసి, సిమెంటు కలిపి చేతి గీతలు అరగదీసుకున్నాడు. ఇప్పుడు యంత్రం మీద వేలు పెడితే ముద్ర పడదు. ఒక వేలు, రెండో వేలు, గుడ్డతో తుడిచి మూడో వేలు. వెనుక వరుసలో వాళ్లు విసుక్కుంటారు. అమ్మ పనిలోంచి సెలవు పెట్టి వచ్చి వేలు పెడితే గానీ బియ్యం రావు. కష్టం చేసినవాడి వేలికే ముద్ర పడకపోవడం కంటే ఎగతాళి ఏముంటుంది? 2021 ఫిబ్రవరిలో కరోనా కారణంగా వేలిముద్రకు బదులు ఫోన్‌కు వచ్చే ఓటీపీతో, కంటిపాపతో బియ్యం ఇచ్చారు. అప్పుడు నాన్న లాంటివారికి కంటిపాప దారి బాగా పనికొచ్చింది. కానీ ఫోన్ నంబరు ఆధార్‌తో కలవనివారు మళ్లీ ఆధార్ కేంద్రాల ముందు బారులు తీరారు. ఒక ఇబ్బందిని తీర్చబోయి ఇంకో ఇబ్బంది తెచ్చుకోవడమన్న మాట.

ఇవి చిన్న సంగతులని అనుకోకండి. 2017 సెప్టెంబర్‌లో జార్ఖండ్ రాష్ట్రం సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల బాలిక చనిపోయింది. ఆధార్‌తో కలపలేదని ఆ కుటుంబం కార్డు రద్దయింది. బిడ్డ అన్నం అన్నం అంటూ ప్రాణం విడిచిందని తల్లి చెప్పింది. కాదు, మలేరియా అని అధికారులన్నారు. ఏది ఏమైనా ఆ కుటుంబం కార్డు రద్దయిందన్నది అందరూ ఒప్పుకున్న సంగతి.

అవతలి మాట కూడా విందాం

నేను ఒకవైపే మాట్లాడుతున్నానని కొందరు మిత్రులు అనవచ్చు. వారి మాటల్లోనూ నిజముంది. కారున్నవాళ్లు, మూడంతస్తుల ఇల్లున్నవాళ్లు తెల్లకార్డు పెట్టుకున్న మాట నిజం. దొడ్డు బియ్యం ఇచ్చిన రోజుల్లో కొందరు వాటిని కిలో పది రూపాయలకు అమ్ముకున్న మాట నిజం. ఈ-పాస్ యంత్రాలు రాకముందు కొందరు డీలర్లు బియ్యం ఇవ్వకుండానే ఇచ్చినట్టు రాసుకున్న మాట కూడా నిజం. యంత్రం వచ్చాక అది చాలావరకు తగ్గింది. ఇంకో మేలు కూడా జరిగింది. 2018 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో ఏ షాపులోనైనా బియ్యం తీసుకునే వీలు వచ్చింది. ఆ నెల నుంచి నాన్న ఊరికి పోవడం మానేశాడు. కొత్తపేటలోనే తీసుకుంటున్నాడు. మా ఇంట్లో కంప్యూటర్‌కు దండం పెట్టిన రోజు అది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య కూడా ఈ వీలు మొదలైంది. తర్వాత దేశమంతటా వచ్చింది.

కాబట్టి నేను యంత్రాన్ని తిట్టడం లేదు. యంత్రం మనిషికి సాయపడాలి గానీ మనిషి మీద తీర్పు చెప్పరాదు అంటున్నాను. అనర్హులను తీసేయండి. కానీ తీసేసే ముందు ఒక్కసారి తలుపు తట్టండి.

అర్హత గీత గురించి కూడా ఆలోచించాలి. పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి రెండు లక్షలు, పల్లెల్లో లక్షన్నర దాటకూడదు. రెండు లక్షలంటే నెలకు 16,666 రూపాయలు. ఎల్.బి.నగర్ అడ్డా మీద భార్యాభర్తలిద్దరికీ నెలంతా పని దొరికితే ఈ గీత దాటిపోతారు. దాటినంత మాత్రాన షావుకార్లయిపోతారా? కిరాయి కట్టి, కరెంటు బిల్లు కట్టి, పిల్లలకు జ్వరమొస్తే మందులు కొంటే మిగిలేదేమిటి? పైగా కార్డు అంటే ఇప్పుడు బియ్యం ఒక్కటే కాదు. 500 రూపాయల గ్యాస్ సిలిండర్, 200 యూనిట్ల ఉచిత కరెంటు కూడా తెల్లకార్డుతోనే ముడిపడ్డాయి. కార్డు పోతే ఒక తలుపు కాదు, మూడు నాలుగు తలుపులు ఒకేసారి మూసుకుంటాయి. అందుకే పేదవాడు కార్డును పసిబిడ్డలా దాచుకుంటాడు. పక్కనున్న తమిళనాడులో బియ్యం ఇవ్వడానికి పేద, ధనిక అనే జల్లెడ పట్టరు. జల్లెడ లేకపోతే అందులోంచి జారిపోయేవాళ్లూ ఉండరు.

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. మన దిల్‌సుఖ్‌నగర్‌లో గోడ గోడకూ అమెరికా చదువుల బోర్డులే కదా. ఆ అమెరికాలో కూడా పేదలకు స్నాప్ అనే ఆహార సహాయం ఉంది. అక్కడా కొన్ని నెలలకొకసారి మళ్లీ కాగితాలు పెట్టి అర్హత నిరూపించుకోవాలి. గడువు లోపల కాగితం అందకపోతే సహాయం ఆగిపోతుంది. అంటే దేశం ధనవంతమైనదైనా, బీదదైనా, ఆకలిగా ఉన్నవాడినే మళ్లీ మళ్లీ రుజువులు అడగడం లోకరీతి అయింది. కడుపు నిండినవాడిని ఎవరూ రుజువు అడగరు.

నా మూడు కోరికలు

ఒకటి: పేరు తీసేయడం, చేర్చడం రెండు పనులు కాకూడదు. బ్యాంకులో డబ్బు ఒక ఖాతాలోంచి పోయిన క్షణంలోనే ఇంకో ఖాతాలో పడుతుంది. మధ్యలో ఏడేళ్లు గాలిలో వేలాడదు. అలాగే పెండ్లయిన ఆడపిల్ల పేరు కొత్త కార్డులో చేరిన రోజే పాత కార్డులోంచి పోవాలి. అప్పటిదాకా పాత చోటే ఆమె బియ్యం ఆమెకు రావాలి.

రెండు: కార్డు గానీ, పేరు గానీ తీసేసే ముందు తెలుగులో నోటీసు ఇవ్వాలి. ఏ కారణంతో తీస్తున్నారో రాయాలి. ఇంటికొచ్చి విచారించాలి. దరఖాస్తు తిరస్కరించినా కారణం కాగితం మీద ఉండాలి.

మూడు: వేలిముద్ర పడలేదన్న కారణంతో ఎవరినీ ఖాళీ సంచితో పంపరాదు. కంటిపాప యంత్రం ప్రతి షాపులో పని చేసే స్థితిలో ఉండాలి. అదీ కాకపోతే పుస్తకంలో రాసుకొని ఇవ్వాలి.

ఇవి ఖజానాను ఖాళీ చేసే కోరికలు కావు. రావాల్సిన వారికి రావాల్సినది సమయానికి అందించమనడమే.

మరి మనం చేయగలిగింది?

ప్రభుత్వాన్ని అడగడం మన హక్కు. కానీ ఈలోగా మన చేతిలో ఉన్నది మనం చేయాలి. మనం చదువుకుంటున్నాం. కంప్యూటర్ తెలుసు. ఫారం నింపడం తెలుసు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు పెట్టి పెట్టి మనం ఈ పనిలో ఆరితేరిపోయాం! ఆ తెలివి మన బస్తీకి ఎందుకు ఉపయోగపడకూడదు?

మొదట మన ఇంటి నుంచే మొదలుపెడదాం. 2023లో ఈ-కేవైసీ మొదలైనప్పుడు హాస్టళ్లలో ఉన్న మనలో చాలామందిమి వేలిముద్ర వేయలేదు. "ఇంటి దగ్గర అమ్మ చూసుకుంటది లే" అనుకున్నాం. అమ్మ వేలు అమ్మకే పనికొస్తుంది, మన పేరుకు మన వేలే కావాలి. మీ కార్డులో మీ పేరుకు ఈ-కేవైసీ అయిందో లేదో ఈ ఆదివారమే దగ్గర్లోని ఏ రేషన్ షాపుకైనా పోయి అడగండి. కేంద్రం 2025 జులైలో నిబంధనలు మార్చింది. దాని ప్రకారం ఐదేళ్లకొకసారి ఈ-కేవైసీ చేయించుకోవాలి. ఆరు నెలలు వరుసగా బియ్యం తీసుకోకపోతే కార్డును తాత్కాలికంగా ఆపుతారు. ఆ తర్వాత మూడు నెలల్లో ఇంటికొచ్చి విచారణ జరిపి అర్హత తేల్చాలి. వలస పోయిన మన అమ్మానాన్నలకు ఈ సంగతి మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు? ఐదేళ్లు నిండిన తమ్ముళ్లు, చెల్లెళ్లు, అక్కల పిల్లలు ఉంటే ఏడాదిలోగా వారికీ ఈ-కేవైసీ చేయించాలి.

ఇక బస్తీ సంగతి. నెలలో ఒక ఆదివారం మనలో నలుగురు కలిసి దగ్గర్లోని బస్తీలో ఒక చెట్టు కింద కూర్చుందాం. పౌరసరఫరాల శాఖ వెబ్‌సైట్‌లో కార్డు స్థితి చూసి చెబుదాం. దరఖాస్తు రసీదులు జాగ్రత్త చేయమందాం. ఆ రసీదు లేకపోతే ఎప్పుడు అడిగామో రుజువుండదు. మలక్‌పేట, సైదాబాద్ వైపు వాళ్లది హైదరాబాద్ జిల్లా, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ వాళ్లది రంగారెడ్డి జిల్లా. ఎవరు ఏ ఆఫీసుకు పోవాలో తెలియక ఒక రోజు కూలి పోగొట్టుకునేవాళ్లు ఎందరో. వారికి దారి చెబుదాం. 1967 నంబరుకు ఫోన్ చేయడం, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వడం నేర్పుదాం. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, "ఫలానా తేదీన పెట్టిన మా దరఖాస్తు ఎవరి దగ్గర, ఎన్ని రోజుల నుంచి ఉంది?" అని ఒక కాగితం రాసిద్దాం. ఆ ఒక్క ప్రశ్నకు దుమ్ము పట్టిన ఫైలు కదిలిన సందర్భాలున్నాయి.

మా అక్క ఏడేళ్లు తిరిగినప్పుడు నేను చిన్నవాడిని. ఆ కాగితాల మీద ఏముందో చదివి చెప్పేవాళ్లు ఆమెకు దొరకలేదు. ఇప్పుడు నాకు చదవడం వచ్చు. డాక్టర్ అంబేద్కర్ గారి ఫొటో మన హాస్టల్ గోడ మీద ఉంది. ఆయన పేరు చెప్పుకొని చదువుకుంటున్న మనం, చదువు రాని ఒక తల్లికి ఒక ఫారం నింపి ఇవ్వలేకపోతే ఆ ఫొటోకు దండలు వేసి ఏం లాభం?

ఈ రాత్రి గంట కొట్టినప్పుడు పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడండి. పప్పు పలుచగా ఉంటే తప్పకుండా అడగండి. కానీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, కార్డులో అందరి పేర్లూ ఉన్నాయా?" అని అడగండి. అంతే నేను కోరేది.

– ఒక వసతిగృహ విద్యార్థి,
బి.ఏ. ద్వితీయ సంవత్సరం